మూడో నంబరు హెచ్చరిక అంటే మూటాముల్లె సర్దుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖలోని మర్రిపాలెం. ఇంట్లో అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. మామయ్య గారికి పొద్దున్న పేపరు, పగలంతా టీవీ, రాత్రి బంధువుల వాట్సాప్ గ్రూపు. వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ‘పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఆఫీసుకు వెళ్లొద్దు’ అంటారు. మొన్న ఆర్కే బీచ్‌లో సముద్రం వెనక్కి వెళ్లిందని వీడియో వస్తే, సునామీ అని అందరికీ పంపారు. ‘మళ్లీ గ్యాస్ లీక్’ అని ఎవరైనా పెడితే ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. 2020 మేలో జరిగింది కళ్లారా చూసిన మనిషి, గట్టిగా ఏమీ అనలేను. స్కూళ్లకు సెలవని వచ్చిన కాగితం నమ్మి పిల్లల్ని మాన్పించాం, తీరా సెలవు లేదు. ఇప్పుడు మా మరిది మెట్రో వార్త కటింగ్ చూపించి, కొమ్మాది దాటాక ఏదో స్థలానికి అడ్వాన్సు ఇస్తానంటున్నాడు. ఇవి చాలవన్నట్టు మా అపార్ట్‌మెంట్ సంఘం డబ్బు లెక్కల మీద ఒక పేపర్లో తప్పు వార్త వచ్చింది. దేన్ని నమ్మాలి, ఎవరికి చెప్పాలి?
— ఒక పాఠకురాలు, మర్రిపాలెం

సమాధానం: అమ్మా, మీ మామయ్య గారిని ఏమీ అనకపోవడమే మంచిదైంది. ఈ ఊళ్లో పెద్దవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా మన మీదికే వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి చొరబడి, నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు తీసింది. అంతకు ముందు 1997 సెప్టెంబరులో రిఫైనరీ పేలుడు. ఇన్ని చూసినవాళ్లకు ‘ఫార్వర్డ్‌లు నమ్మకండి’ అని చెబితే సరిపోదు. దేన్ని ఎక్కడ సరిచూసుకోవాలో చూపించాలి. పొద్దున్నే పేపరు మొత్తం చదివే ఓపిక ఉంది కాబట్టి, సరిచూసే పని ఆయనకే అప్పగించండి. గ్రూపులో ఏది పెట్టినా మూడు వివరాలు ఉండాలని ఒక నియమం పెట్టుకోండి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ ప్రాంతానికి చెప్పారు. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని మొదట చెప్పినవాళ్లు ఎవరో తేలేదాకా ముందుకు పంపకూడదు.

ఇక మూడో నంబరు సంగతి. మీ ఇంట్లో సగం గొడవ దీనివల్లే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

పోర్టుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. అవి ఓడల కోసం, మర్రిపాలెంలో ఉండేవాళ్ల కోసం కాదు. పేపర్లు, టీవీలు అన్నిటికీ కలిపి ‘ప్రమాద హెచ్చరిక’ అనే రాస్తాయి కానీ, అసలు ప్రమాద సంకేతాలు మొదలయ్యేది 5 నుంచి. 1 అంటే ఎక్కడో దూరాన సముద్రంలో వాయుగుండం ఉంది, రేవు విడిచి వెళ్లే ఓడలు చూసుకోవాలి. 2 అంటే ఆ దూరాన ఉన్నది తుపానుగా మారింది. 3 అంటే రేవు దగ్గర ఈదురుగాలులు వీచే సూచన ఉంది. 4 అంటే తుపాను ముప్పు రేవుకు ఉంది గానీ, ఇంకా గట్టి ఏర్పాట్లు చేయాల్సినంత దగ్గరికి రాలేదు.

తర్వాతి నంబర్లు చాలామంది అనుకునేట్టు మెట్లు మెట్లుగా పెరగవు. 5, 6, 7 మూడూ తుపానుకే. 5, 6 ల్లో తేడా అది రేవుకు ఏ పక్క నుంచి దాటిపోతుందన్నదే. 7 అంటే రేవు మీదుగా గానీ, బాగా దగ్గర నుంచి గానీ వెళ్తుంది. 8, 9, 10 కూడా ఇదే వరసలో, తీవ్ర తుపానుకు. కాబట్టి 5 నుంచి 6కు మార్చారంటే తుపాను బలపడిందని కాదు, దారి మారిందని. 11 అంటే తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఈ పట్టిక ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించండి.

ఇంట్లో నిర్ణయాలకు చూడాల్సింది వాతావరణ శాఖ బులెటిన్. తుపాను హెచ్చరికల కేంద్రం మన చినవాల్తేరులోనే ఉంది. రోజువారీ అంచనాలు అమరావతి వాతావరణ కేంద్రం వెబ్‌సైట్లో తెలుగులో కూడా దొరుకుతాయి. బులెటిన్‌లో ముందు చూడాల్సింది టైము. వాయుగుండం తుపానుగా మారాక బులెటిన్ మూడు గంటలకొకటి వస్తుంది. గ్రూపులోకి వచ్చిన ఫొటో మీద ఉదయం 8.30 అని ఉండి, మీరు చూసేది సాయంత్రం 4కి అయితే, ఆ తర్వాత కనీసం రెండు బులెటిన్లు వచ్చేసి ఉంటాయి. అది చదవడం దండగ, కొత్తది తెరవండి.

తర్వాత గాలి వేగం. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే దాన్ని తుపాను అంటారు. 31 నుంచి 50 వరకు వాయుగుండం, 51 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. మామూలు వాయుగుండం రోజున మీరు ఆఫీసు మానాల్సిన పని గాలి వల్ల రాదు, వస్తే వాన నీళ్ల వల్లే రావాలి. హుద్‌హుద్ రోజు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మామయ్య గారికి చూపించండి, తేడా ఆయనే చెబుతారు.

వాన హెచ్చరికలకు రంగులు ఉంటాయి: ముప్పు పెరిగేకొద్దీ ఎల్లో, ఆరెంజ్, రెడ్. టీవీలో ‘విశాఖకు ఆరెంజ్ అలర్ట్’ అని ఎర్రటి అక్షరాలతో వేస్తారు. బులెటిన్ తెరిస్తే ‘ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు’ అని ఉంటుంది. ఒకటి రెండు చోట్ల అంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని లెక్క. శీర్షికకు చోటు చాలక ఆ మాటే ముందు ఎగిరిపోతుంది. ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. ‘అతి భారీ’ అంటే 204.4 దాకా. ఆపైన ‘అత్యంత భారీ’. ఈ 24 గంటలు ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. పేపర్లో అంకె, మీరు చూసిన వాన ఒక్కోసారి కలవకపోవడానికి ఇదొక కారణం. వాల్తేరు, ఎయిర్‌పోర్టు రెండు వేర్వేరు కేంద్రాలు కావడం ఇంకో కారణం. బీచ్ రోడ్డు పొడిగా ఉన్న రోజునే మీ వైపు మోకాలి లోతు నీళ్లు ఉండవచ్చు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. అలర్ట్ రంగు జిల్లాకంతటికీ ఒకటే అయినా, ముప్పు అందరికీ ఒకటి కాదు. కొండవాలు మీద మట్టి తవ్వి కట్టుకున్న ఇళ్లకు రెండో రోజు వాన మొదటి రోజు కన్నా ప్రమాదం, నేల అప్పటికే నాని ఉంటుంది కాబట్టి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయో, వాచ్‌మన్ కుటుంబమో అలాంటి చోట ఉంటే, మీకు ఎల్లో అయినది వాళ్లకు ఆరెంజ్ కింద లెక్కవేసి, ఆ రాత్రికి కిందికి రమ్మనండి.

నిజంగా తుపాను మన తీరం దాటుతుందని 24 గంటల ముందు హెచ్చరిక వస్తే, అప్పుడు మామయ్య గారి మాటే వినాలి. హుద్‌హుద్ తర్వాత కరెంటు, ఫోన్లు, ఏటీఎంలు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. కరెంటు పోతే బోరు మోటారు తిరగదు కాబట్టి ముందు రోజే ట్యాంకు నింపాలి. తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన ఆరుగురికి మూడు రోజులకు 72 లీటర్లు, అంటే నాలుగు పెద్ద క్యాన్లు. బాల్కనీ కుండీలు లోపల పెట్టాలి, మేడ మీద రేకులు ఉంటే కట్టించాలి. చిన్న నోట్లు కొన్ని చేతిలో ఉండాలి. సెల్లు వేసుకునే చిన్న రేడియో ఒకటి కొని మామయ్య గారి చేతికివ్వండి. ఫోన్లు మూగబోయాక ఆకాశవాణి వినడానికి అదొక్కటే దారి.

సముద్రం వెనక్కి వెళ్లిందన్న వీడియోల గురించి. మన తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తగ్గుతుంది. పోటు నుంచి పాటుకు సుమారు ఆరు గంటలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ ఎత్తు తేడా దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. ఇసుక పల్లంగా, మెల్లగా వాలిన చోట ఒకటిన్నర మీటరు నీరు దిగితే చాలా దూరం నేల, ఎప్పుడూ కనబడని రాళ్లు బయటపడతాయి. అలాంటి వీడియో రాగానే ముందు క్యాలెండర్ చూడమనండి. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల అటూ ఇటూ అయితే విషయం దాదాపు అక్కడే తేలిపోతుంది.

సునామీకి ముందు నీరు తీయడం ఆరు గంటలు పట్టదు, నిమిషాల్లో జరుగుతుంది. దానికి సముద్రం అడుగున పెద్ద భూకంపం రావాలి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే మొదటి బులెటిన్ ఇస్తారు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే, అల మన తీరానికి చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. అంటే ఆ వైపు నుంచి వచ్చేదానికి సరిచూసుకునే సమయం ఉంటుంది. అయితే మీరు బీచ్‌లోనే ఉండి, కళ్లముందే నిమిషాల్లో నీరు దూరంగా లాగేస్తుంటే గానీ, నిలబడలేనంతగా భూమి ఊగితే గానీ, ఫోను తీయకుండా పిల్లల చెయ్యి పట్టుకుని ఎత్తుకు నడవండి.

ఆర్కే బీచ్‌లో ఇసుక కోసుకుపోవడం వేరే కథ, దానికి సునామీతో సంబంధం లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం కట్టిన రాతి గోడలు ఆ ఇసుకను దక్షిణం పక్కనే ఆపేశాయి. అక్కడ పేరుకున్నదాన్ని పోర్టువాళ్లు డ్రెడ్జర్‌తో తోడి బీచ్ వైపు పోస్తుంటారు. పోసింది తక్కువైన ఏడు, అలలు పెద్దవైన ఏడు ‘ముందుకొచ్చిన సముద్రం’ అని వార్త వస్తుంది. ఆ వార్త నిజమే, పట్టించుకోవాల్సిందే. కానీ మూటాముల్లె సర్దుకోవాల్సింది కాదు.

గ్యాస్ విషయంలో మాత్రం ఇదే పద్ధతి పనికిరాదు. తుపానుకు గంటల వ్యవధి ఉంటుంది, ఆవిరికి ఉండదు. కాబట్టి రెండు సందర్భాలను విడదీసి చూడాలి. ఘాటైన వాసన తగిలినా, కళ్లు మండినా, గొంతు పట్టేసినా, వీధిలో కుక్కలో ఆవులో పడిపోతున్నా ఎవరి ధ్రువీకరణ కోసమూ ఆగకండి. తడి గుడ్డ ముక్కుకు కట్టుకుని, చెట్ల ఆకులో ఆరేసిన బట్టలో చూసి గాలి ఎటు వీస్తోందో పట్టుకుని, ఆ గాలికి అడ్డంగా పక్కకు వెళ్లండి. గాలి వెంట పరుగెత్తితే ఆవిరి మీతోనే వస్తుంది. స్టైరీన్ లాంటివి గాలి కన్నా బరువు, పల్లపు వీధుల్లో, కాలవల పక్కన నిలిచిపోతాయి. ఎత్తైన దారి పట్టండి. దారిలోనే 112కు ఫోన్ చేయండి.

వాసన లేదు, మంట లేదు, వచ్చిందల్లా మెసేజ్ ఒక్కటే అయితే మాత్రం బండి తీయొద్దు. 2020 మే 7 రాత్రి మళ్లీ లీకైందన్న కబురు పాకింది. ఎంత దూరం ఖాళీ చేయాలన్న దాని మీద అధికారుల మాటలే ఒకదానికొకటి పొసగలేదు. ప్రమాదం లేనంత దూరంలో ఉన్నవాళ్లు కూడా అర్ధరాత్రి పిల్లలతో రోడ్లెక్కారు. అందరూ ఒకేసారి ఎన్ఏడీ జంక్షన్‌కు చేరితే అంబులెన్స్ ఇటు రావడానికి దారి ఉండదు. కిటికీలు మూసి, 112కు చేసి అడగండి. మీ కన్నా ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉండే బంధువు ఒకరి నంబరు మామయ్య గారి ఫోనులో ముందే పెట్టండి. అక్కడివాళ్లు మామూలుగా ఉన్నారంటే ఇక్కడ నిద్రపోవచ్చు.

ప్రమాదం జరిగిన మొదటి గంటల్లో కారణం, కారకుడు అంటూ వచ్చే వార్తల్ని అస్సలు ముందుకు పంపకండి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పడవలు కాలిపోయినప్పుడు ఒక యూట్యూబర్ మీద అనుమానమని రాష్ట్రమంతా మోగిపోయింది. తర్వాత పోలీసులు అరెస్టు చేసింది వేరే ఇద్దరిని. ఆ రాత్రి అతని ఫొటో పంపినవాళ్లలో ఎంతమంది తర్వాతి వార్తను కూడా అంతే శ్రద్ధగా పంపారు?

స్కూలు సెలవు చిన్న విషయం. వానలకు సెలవు ప్రకటించేది కలెక్టర్. వచ్చిన కాగితంలో తేదీ, సంవత్సరంతో సహా చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది. విశాఖ జిల్లా అంటూ అందులో పాడేరు, నర్సీపట్నం పేర్లు కనిపిస్తే అది పాత కాగితం. అన్నీ సరిగ్గానే ఉన్నా, స్కూలు నుంచి మెసేజ్ వచ్చేదాకా టిఫిన్ బాక్సు కట్టే ఉంచండి.

ఇప్పుడు మీ మరిది. ఇక్కడ పోయేది నిద్ర కాదు, డబ్బు. ముందు ఆ కటింగ్‌లో వాక్యాల చివర చూడమనండి. ‘ఉత్తర్వులు జారీ చేశారు’, ‘టెండర్లు పిలిచారు’ అని ఉందా, ‘యోచిస్తున్నట్టు తెలుస్తోంది’, ‘రానున్నట్టు సమాచారం’ అని ఉందా? రెండో రకం మీద పైసా పెట్టకూడదు. పేజీ మూలన చిన్న అక్షరాలతో ‘ప్రకటన’ అని ఉందేమో కూడా చూడాలి. ఆ రోజు ఈ-పేపరులో విశాఖ ఎడిషన్ తెరిచి వార్త అక్కడ నిజంగా ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

మెట్రో మొదటి దశ ప్రణాళిక 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. అందులో పొడవైనది స్టీల్‌ప్లాంట్ గేటు నుంచి కొమ్మాది వరకు 34.4 కిలోమీటర్లు. కొమ్మాది దాటి భోగాపురం వైపు వెళ్లేది రెండో దశ. ప్రతిపాదన, డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక), రాష్ట్ర మంత్రివర్గం, కేంద్రం ఆమోదం, నిధులు, టెండరు, పని అప్పగింత — ఇన్ని మెట్లు ఉన్నాయి. ప్రతి మెట్టు దగ్గరా ‘మెట్రో వచ్చేస్తోంది’ అనే ఒకే శీర్షిక వస్తుంది. మెట్ల మధ్య ఎంత కాలం పట్టగలదో తెలియాలంటే రైల్వే జోన్ చూడండి: విభజన చట్టంలో ప్రస్తావన 2014, ప్రకటన 2019 ఫిబ్రవరి, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి. భోగాపురం ఎయిర్‌పోర్టుకైతే 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఈ ఏళ్లన్నీ అప్పు మీద వడ్డీ కడుతూ కూర్చోగలడా అని అడగండి.

కట్టగలడు, స్థలం నచ్చింది అంటే వార్తను పక్కన పెట్టి స్థలాన్ని చూడాలి. నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చిన లేఅవుట్ అనుమతి నంబరు అడిగి, ఆ ఆఫీసులో సరిచూడాలి. 500 చదరపు మీటర్లు గానీ, 8 ప్లాట్లు గానీ దాటిన వెంచరుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అలాంటి చోట రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో, ఆస్తి మీద లావాదేవీలు చూపించే ఈసీలో ముప్ఫై ఏళ్లకు ఏముందో రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర తీయించాలి. ఇంకొకటి, చాలామంది అడగడం మర్చిపోయేది: లైన్ ఆ స్థలం పక్క నుంచి వెళ్తుందా, మీదుగానే వెళ్తుందా? భూసేకరణ నోటిఫికేషన్లో సర్వే నంబర్లు ఉంటాయి. అవి రాకముందు ‘స్టేషన్ ఇక్కడే’ అని చెప్పే మనిషి దగ్గర కాగితం అడగండి.

చివరగా మీ సంఘం మీద వచ్చిన వార్త. కటింగ్ కాదు, ఆ రోజు పేపరు మొత్తం దాచండి. ఎడిషన్ పేరు, తేదీ, పేజీ కనబడాలి. చివరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఎడిటర్, ప్రచురణకర్త పేర్లు, చిరునామా ఉంటాయి. ఉత్తరం ఆ ఎడిటర్‌కే రాయాలి. వార్త తెచ్చిన స్థానిక విలేకరిని అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలదీస్తే ఏమీ జరగదు, సవరణ వేయించే అధికారం అతనికి లేదు. సంఘం లెటర్‌హెడ్ మీద, అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలతో ఒక పేజీకి మించకుండా రాయండి. ఏ తేదీ, ఏ పేజీ, ఏ శీర్షిక, అందులో తప్పైన వాక్యం యథాతథంగా, దాని కింద సరైన విషయం, దానికి రుజువు: ఆడిట్ చేసిన లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్, సర్వసభ్య సమావేశం మినిట్స్ నకలు. సవరణ అదే పేజీలో వేయమని అడగండి. పరువు నష్టం, కోర్టు లాంటి మాటలు మొదటి ఉత్తరంలో వద్దు. అవి కనబడితే ఉత్తరం న్యాయవాదుల బల్ల మీదికి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఈమెయిల్ చేసి, ఇంకో ప్రతి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి వార్త ప్రతి, దాని ఇంగ్లీషు అనువాదం, ఎడిటర్‌కు రాసిన ఉత్తరం నకలు, ఈ విషయం మీద కోర్టులో కేసేదీ నడవడం లేదన్న ధ్రువీకరణ జతచేయాలి. కౌన్సిల్ పత్రికను మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేసే, నష్టపరిహారం ఇప్పించే అధికారం దానికి లేదు. మీకు కావాల్సింది సవరణ కాబట్టి, చాలాసార్లు ఫిర్యాదు వెళ్లిందని తెలిస్తేనే పని అవుతుంది. టీవీ ఛానెళ్లు ప్రెస్ కౌన్సిల్ కిందికి రావు. వార్తా వెబ్‌సైట్లలో అదే వార్త ఉంటే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ సైటు ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆయన 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి.

దినపత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లడానికి గడువు రెండు నెలలు. అది వార్త అచ్చైన రోజు నుంచే లెక్క, మీరు చూసిన రోజు నుంచి కాదు. వచ్చే సర్వసభ్య సమావేశం దాకా ఆగకుండా కమిటీ తీర్మానంతో ఈ వారమే ఉత్తరం పోస్టు చేయండి.